నాన్న అభ్యంతరం

“ఇది అచ్చెయ్యడానికి వీల్లేదు,” అన్నాడు నార్మన్, కూతురు రాసిన నవల కాగితాల కట్టని టీ కప్పు పక్కకి విసిరేస్తూ.

కూతురు జనీన్ మొదటి రెండు నవలల్నీ లండన్ పత్రికలు నెత్తిన పెట్టుకున్నాయి. తర్వాతి రెండూ గోడౌన్లో మూలుగుతున్నాయి. ఇదీ రాకపోతే ఆమెని ఇక ఒకప్పటి రచయిత్రి అంటారు, అంతే.

“అందులో నీ పేరెక్కడుంది నాన్నా? గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావ్?”

“గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే ఒంటికన్నోడు నేను కాక ఇంకెవడే? రేపు పబ్బుకెళ్తే అందరూ నా మొహమే చూస్తారు.”

“అందుకేగా పబ్లిషర్ల లాయరమ్మ నీ ఒప్పుకోలు కావాలంది. చచ్చినవాళ్ళ మీద ఏం రాసినా పరువునష్టం కేసుండదట. బతికున్నవాళ్ళతోనే చిక్కు.”

“అయితే నేను చచ్చేదాకా ఆగలేకపోయావా?”

“ఆగాను. నువ్వు చావలేదు!” అనేసి నాలుక్కరుచుకుంది.

ముసలాడు పకపకా నవ్వాడు. యాభై దగ్గర పడుతున్నా ఆ నవ్వంటే జనీన్‌కి ఇంకా భయమే.

అంతలో ఫోన్ మోగింది. ప్రచురణ సంస్థ లాయరు మిస్ ఆడ్లీ. జనీన్ స్పీకరు పెట్టి ఫోన్ని తండ్రి ముందుకి జరిపింది.

“నార్మన్ గారూ, నవల చదివారా?”

“అక్షరం వదల్లేదు.”

“తండ్రి కూతుర్ని బెల్టుతో కొట్టే చోట...”

“కొట్టాను.”

“మంచు కురిసే రోజున పిల్లని బొగ్గుల కొట్లో పెట్టి తాళం వేశాడని ఉంది.”

“వేశాను. ఆదివారం భోజనం గోడకేసి కొట్టింది కూడా నేనే. చేసిన పని చేశాననడానికి నాకేం భయం?”

ఇన్నేళ్ళలో అతను ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. అదీ ఎవరో లాయరుతో. ఎదురుగా కూర్చున్న కూతురి వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

మిస్ ఆడ్లీ కాస్త తడబడింది. “అన్నీ నిజమేనంటున్నారు. మరి మీ అభ్యంతరం దేనికండీ?”

“ఆఖరి పేజీకి. ముసలాడు కూతురి చేతులు పట్టుకుని ఏడ్చి, తప్పయిపోయింది, క్షమించమ్మా అన్నాడని రాసింది. నేను జన్మలో అనని మాట అది! తీసెయ్యకపోతే కోర్టుకీడుస్తాను.”