ప్రధాని వేలిముద్ర

పాలనంతా ప్రణాళికా యంత్రం చేతికి వెళ్లాక ప్రధానమంత్రి హైమవతికి ఒక్క పనే మిగిలింది. యంత్రం నిర్ణయిస్తుంది, పార్టీ ఆమోదిస్తుంది, ఆమె వేలిముద్ర వేస్తుంది.

ఆ ఉదయం ఆమె బెండకాయలు తరుగుతుండగా వంటింటి గోడమీద ఉత్తర్వు వెలిగింది. సముద్రం ముంచుకొస్తున్న పాలలంకకు కరెంటు, బియ్యం ఆపేస్తే జనం తామే ఊరు ఖాళీ చేస్తారని యంత్రం తేల్చింది.

వెంటనే పార్టీ కార్యదర్శి నాగభూషణం తెరమీదికి వచ్చాడు. "వేలిముద్ర వెయ్యండి కామ్రేడ్. పార్టీ ఒప్పుకుంది."

"లంకవాళ్లని అడిగారా?"

"అడగడం మీ పని కాదండీ."

"కడుపు మాడ్చి వెళ్లగొట్టడం నా పనా?"

"మీరు కాకపోతే రేపు ఇంకొకరు వేస్తారు."

"వెయ్యనివ్వండి. ఇవాళ్టికి ప్రధానిని నేనే."

చేతులు కడుక్కుని, కూర సంగతి చూడమని భర్తకు చెప్పి, ఆమె సర్కారు పడవలన్నిటినీ వెంటబెట్టుకుని లంకకు వెళ్లింది. మెరకన చోటు చూపిస్తానని మాటిస్తే జనం మూటలు సర్దుకుని కదిలారు. చివరి పడవ ఒడ్డు చేరకముందే ఆమె పదవి పోయింది.

పడవలోని ముసలామె అడిగింది. "నువ్వెవరమ్మా?"

"ఇందాకటి దాకా ప్రధానమంత్రిని. ఆ మేకపిల్లని ఇటందించు పెద్దమ్మా, నువ్వు జాగ్రత్తగా దిగు."