పులి నిలబడ్డ చోటు

“పులి అక్కడుంటే పాప ఇటెందుకు చూస్తోంది?” వెనక నుంచి డైరెక్టర్ విసుక్కున్నాడు.

తెర మీద ఆయన కూతురు బిక్కచచ్చి నిలబడి ఉంది. ఎదురుగా నేను కంప్యూటర్లో చేసిన పులి. పాప చూపు మాత్రం పులిని దాటి ఫ్రేము అంచుకి పోతోంది.

“జరుపుతాను సార్. ముందు ఆ గోళం చెరిపేస్తా.”

వెలుగు ఎటు నుంచి పడుతోందో మాకు తెలియడానికి షూటింగులో పెట్టే స్టీలు గోళం అది. అద్దంలా మెరుస్తుంది. ఆ రోజు తీయడం మరిచిపోయారు. చెరపడానికి దాన్ని పెద్దది చేశాను.

అందులో సెట్టంతా కనబడింది. ఫ్రేముకి కాస్త అవతల, పాప చూపు ఆగిన చోటే, బెల్టు పైకెత్తి పట్టుకుని డైరెక్టర్ నిలబడి ఉన్నాడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి.

“ఏంటమ్మా, ఆగిపోయావ్?” ఆయన చెయ్యి నా కుర్చీ మీద పడింది.

“ఏం లేదు సార్.” గోళం చెరిపేసి, పులిని ఆ అంచుకి జరిపాను.

“అద్దీ! భయమంటే అలా ఉండాలి. నా కూతురా మజాకా!”

ఫోన్ మోగితే ఆయన బయటికి వెళ్ళాడు. మూలన సోఫాలో ముడుచుకుని కూర్చున్న పాప అడుగులో అడుగు వేసుకుంటూ నా పక్కకి వచ్చింది. పులిని చాలాసేపు చూసింది.

“దీన్ని ఇక్కడే ఉంచేస్తావా అక్కా?”

“ఏమ్మా, భయం వేయట్లేదూ?”

పాప తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఇది మాతో ఇంటికి రాదుగా.”