ఆపేవాడు లేని సందు

"వదలండి అన్నా, ఎవరైనా చూస్తే బాగోదు" అంది సనోబర్.

ఎర్గష్ నవ్వాడు. "చూడ్డానికి ఎవరున్నారు? ఊరు ఊరంతా పత్తి చేలల్లో ఉంది. అయినా అన్నా ఏంటి, అన్నా! రేపట్నుంచి అలా పిలవడం కుదరదు."

అతని ఎడమ చెయ్యి ఆమె కోటు కాలర్ మీద ఉంది, కుడి చెయ్యి నడుం దగ్గర బెల్టు మీద. కురాష్ కుస్తీ క్లాసు నుంచి ఆ కోటు విప్పకుండానే బయల్దేరడం ఆమె చేసిన తప్పు. పట్టుకోవడానికి కుట్టిన కోటు అది. అటూ ఇటూ మట్టిగోడలు, మధ్యలో సన్నటి సందు. నాలుగడుగుల దూరంలో తెల్ల కారు, ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉంది. వెనక తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు చూడగానే సనోబర్‌కి విషయం అర్థమైపోయింది.

దెనోవ్ చుట్టుపక్కల ఎర్గష్ పేరుమోసిన పహిల్వాన్. అతని పట్టులోంచి విడిపించుకున్నవాడు లేడంటారు. అందులో అబద్ధం లేదు. అతని ఇంటి పెద్దలు రెండుసార్లు సంబంధం అడగడానికి వచ్చారు. రెండుసార్లూ సనోబర్ తల్లి టీ పోసింది గానీ రొట్టె విరవలేదు. విరిస్తే మాట ఇచ్చినట్టే.

"మీ అమ్మ రొట్టె విరవకపోతే మానె" అన్నాడు ఎర్గష్. "ఒక్క రాత్రి మా ఇంట్లో ఉన్నావంటే, తనే విరిచి పంపిస్తుంది."

అతను అన్నది నిజం. ఆ తర్వాత సనోబర్ మాట ఎవరూ వినరు.

పోయిన వారమే క్లాసులో తనకంటే లావుపాటి అమ్మాయిని ఎత్తి పడేసింది. ఆ గొప్ప చూపించడానికి ఇంట్లో తమ్ముణ్ణి కూడా పరుపు మీద కుదేసింది. ఇప్పుడు అదే పట్టు వేసింది. నడుం తిప్పి, అతని మోచెయ్యి పట్టుకుని బలంకొద్దీ లాగింది. గోడని లాగినట్టుంది.

"మీ కోచ్ హుర్రియత్ నేర్పిందా? బానే నేర్పింది. మళ్లీ చెయ్యి, చూస్తా."

కాలు తొక్కింది. అతనివి తోలు బూట్లు. మణికట్టు కొరకబోయింది. కాలర్‌తోనే ఆమె తల పైకెత్తేశాడు. వేసిన ప్రతి ఎత్తుకీ తను కారుకి ఒక అడుగు దగ్గరవుతోందని సనోబర్‌కి తెలుస్తూనే ఉంది.

"ఊరికే ఆయాసపడకు" అన్నాడు ఎర్గష్. "మొన్న పెళ్లిలో పెట్టిన కుస్తీ పోటీ చూళ్లేదూ? ఆ తెర్మెజ్ వాడి పక్కటెముకలు పటపటలాడేవే. రెఫరీ ఆపబట్టి బతికిపోయాడు. ఇక్కడ ఆపడానికి ఎవడున్నాడు?"

సనోబర్ పెనుగులాట మానేసింది. భయం పోలేదు. కానీ హుర్రియత్ అక్క క్లాసులో రోజూ విసిగించే మాట గుర్తొచ్చింది. "బలం నీకు తక్కువైతే తక్కువని ఒప్పుకోవే. ఒప్పుకున్నాకే బుర్ర పని చేస్తుంది."

ఒప్పుకుంది. ఈ మనిషిని తను ఎత్తనూ లేదు, నెట్టనూ లేదు. మరి ఈ చేతులు ఎప్పుడైనా, ఎవరి మాటకైనా వదిలాయా?

వీపుకి కారు తగిలింది. సనోబర్ గుండెల నిండా గాలి పీల్చుకుని, గొంతు లావు చేసి, ఒకే ఒక్క మాట అరిచింది.

ఎర్గష్ చేతులు వదిలేశాయి. రెండడుగులు వెనక్కి వేశాడు. కోటు సర్దుకుంటూ, అక్కడెవరో ఉన్నట్టు పక్కకి తిరిగి చూశాడు. పక్కన ఓ మల్బరీ చెట్టు తప్ప ఎవరూ లేరు.

ఆ కాస్త వ్యవధి చాలింది. సనోబర్ గోడ ఎక్కి అవతలి వాకిట్లోకి దూకింది. అక్కడ తందూరులో రొట్టెలు వేస్తున్న ఆడవాళ్లు ఆమె మొహం చూడగానే లేచారు. పిండి చేతులతోనే ఇనప చువ్వలు అందుకుని గుమ్మంలోకి వచ్చారు. కారు వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే పేట పెద్దలు ఎర్గష్ ఇంటికి వెళ్లి, వాళ్ల నాన్నని వీధిలో నిలబెట్టి అడగాల్సినవన్నీ అడిగేశారు.

మర్నాటికి ఊరంతా ఇదే మాట. సనోబర్ అతని వేలు విరిచిందని కొందరు, మంత్రం వేసిందని కొందరు. సనోబర్ మాత్రం రాత్రంతా నిద్రపోలేదు. రోడ్డు మీద ఏ కారు చప్పుడైనా ఉలిక్కిపడుతోంది.

ఆ రోజు క్లాసులో అమ్మాయిలు జంటలు జంటలుగా కుస్తీ పడుతున్నారు. హుర్రియత్ అక్క సనోబర్‌ని దగ్గరికి పిలిచింది.

"ఏం పట్టు వేశావే?"

"వేసినవన్నీ దండగయ్యాయి అక్కా."

"మరెలా వదిలాడు? ఈ విద్యలో తల నెరిసిపోయింది, వాడి పట్టుకి విరుగుడు నాకే తెలీదు. నేనే ఎర్గష్‌ని అనుకో." అక్క ఒక చేత్తో కాలర్, ఇంకో చేత్తో బెల్టు బిగించి పట్టుకుంది. "ఊఁ, విడిపించుకో."

ఆ పట్టు తగలగానే సనోబర్ వెనక్కి గుంజుకుంది. మళ్లీ అదే సందు, అదే తలుపు.

"ఇక్కడొద్దక్కా, అందరూ ఉన్నారు."

"ఉంటే ఏం? నేర్చుకుంటారు. కానీ."

సనోబర్ కళ్లు గట్టిగా మూసుకుని, బరిలో రెఫరీ ఆట ఆపడానికి అరిచినట్టే అరిచింది.

"తోఖ్తా!"

హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. సనోబర్ కళ్లు తెరిచింది. అమ్మాయిలందరూ పట్లు వదిలేసి దూరం జరిగారు. వాళ్లతోపాటే హుర్రియత్ అక్క కూడా రెండడుగుల అవతల నిలబడి, కోటు సర్దుకుంటూ, రెఫరీ కోసం పక్కకి చూస్తోంది.