కిష్టప్ప తెచ్చిన నాచు

"ఈసారీ కుదరదమ్మా," అంటూ మేనేజర్ రాజారావు సుమిత్ర అర్జీని వెనక్కి తోశాడు. "బాండు ఇంకా రెండేళ్లుంది. అందాకా మీ సర్టిఫికెట్లు మా బీరువాలోనే ఉంటాయి."

"ఎల్లుండే ఇంటర్వ్యూ సార్. సముద్రపు నాచుల పరిశోధన ఉద్యోగం. మళ్లీ పిలవరు."

"మీరు పోతే వీటి మీద సంతకం ఎవరు పెడతారు?" అంటూ కాగితాల కట్ట ముందుకు జరిపాడు.

సుమిత్ర సంతకం పెట్టింది. పటాన్‌చెరులోని ఆ మందుల ఫ్యాక్టరీ బయటికి వదిలే నీళ్లలో ఉప్పు ఎక్కువేం లేదని చెప్పే కాగితాలవి. కొలవకముందే అంకెలు టైపు చేసి ఉంటాయి.

సంగారెడ్డి నుంచి విశాఖదాకా వెళ్లి, మోకాటి లోతు అలల్లో నిలబడి నాచులు ఏరి చదువుకున్న మనిషి. తోటివాళ్లు పరిశోధనలు చేస్తున్నారు. తనకు మాత్రం నాలుగేళ్లుగా ఈ కిటికీ లేని ల్యాబు. పోర్టు నుంచి సరుకు తెచ్చే లారీ డ్రైవర్లను గుప్పెడు నాచు తెమ్మని ఎన్నిసార్లు బతిమాలిందో!

మధ్యాహ్నం హమాలీ కిష్టప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"మేడమ్, గిదేందో జెర సూస్తరా?"

పచ్చటి సన్నని పోగులు. మైక్రోస్కోపు కింద పెట్టి చూడగానే ఆమె కుర్చీలోంచి లేచింది.

"కిష్టప్పా! ఇది సముద్రపు నాచు! ఉప్పు నీళ్లల్ల తప్ప పెరగదు."

"గట్లనా? మరి మేడమ్..."

"ఉండు, ఉండు. తడి గూడ ఆరలే!"

నాలుగేళ్ల తర్వాత నోటుపుస్తకం తెరిచింది. బొమ్మ గీసింది, పేరు రాసింది. ఒక్క అక్షరమూ తప్పు పోలేదు. నేర్చుకున్న విద్యకు ఏ బీరువా తాళం వేస్తుంది?

"సర్టిఫికెట్లు లేకుంటే లేకపాయె. దీన్ని సీసాల పెట్టుకొని ఎల్లుండి నేను పోత," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ మేలు మరువ కిష్టప్పా. కాకినాడ లారీల వచ్చిందా?"

"లారీల గాదు మేడమ్."

"మరి సముద్రం కాడికి ఎవరు పోయిన్రు?"

"ఎవ్వరు పోలే." కిష్టప్ప అయోమయంగా చూశాడు. "ఇది ఫ్యాక్టరీ ఎనక మేం నీళ్లు తాగే బాయిలది."