వాయిదాకు వచ్చే మనిషి

చిక్కబళ్ళాపురం బస్టాండులో అంబరీష్ బాగేపల్లి బస్సెక్కి కూర్చున్నాడు.

పదకొండు గంటలకు అతను ఈ ఊళ్ళోనే బాలల న్యాయమండలి ముందు ఉండాలి. స్నేహితులతో కలిసి చింతామణిలో బైకు దొంగిలించిన కేసు. వయసు పదహారు.

పక్కసీట్లో ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే చిన్నప్ప.

అంబరీష్‌కు అమ్మానాన్న లేరు. అవ్వ హనుమక్క నడవలేదు. అందుకని ప్రతి వాయిదాకూ ఈ ముసలాయన వచ్చి పక్కన కూర్చునేవాడు. పోలీసుల మనిషేమోనని అంబరీష్ అనుమానం. ఒక్కసారీ ముఖం చూసి మాట్లాడలేదు.

"యాడికి పోతాండావప్పా?"

"యాడికైనా పోతా. నీకేంటికి?"

"సరే. నేనూ వస్తా."

బస్సు కదిలింది.

"పోలీసోళ్ళకి చెప్తావా?"

"చెప్పను."

"మరేంటికి వస్తాండావు?"

"నువ్వు ఒక్కడివే పోతాండావు కదా, అందుకు."

బస్సు ఊరు దాటింది.

"ఆడ నిలబడితే నాకు నోరు రాదు," అన్నాడు అంబరీష్ చివరికి. "భయమైతాది."

"జరిగింది జరిగినట్ల చెప్పు. మాట రాకపోతే నన్ను చూడు. నేనాడే ఉంటా."

దారిలో పేరేసంద్రలో దిగి, వెనక్కి చిక్కబళ్ళాపురం పోయే బస్సెక్కారు. మండలి ముందు చిన్నప్పే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాది స్వామీ. నా వల్లే లేటయింది."

ఆ రోజు అంబరీష్ మొదటిసారి ఏమీ దాచకుండా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు చిన్నప్ప వైపు చూశాడు.

రెండు నెలల తర్వాత తీర్పు వచ్చింది. మందలించి అవ్వ దగ్గరికే పంపారు. ఐటీఐలో చేరమన్నారు.

చిన్నప్ప మాత్రం కనబడలేదు. ఆయనతో చెప్పాలని అంబరీష్ దారి పొడుగునా ఒక మాట కూడబలుక్కుని వచ్చాడు.

"ఆయప్ప రాలేదా మేడం?" అని ప్రొబేషన్ ఆఫీసరు చైత్రను అడిగాడు.

"పోయిన సోమవారం కాలం చేసినాడప్పా. గుండెనొప్పి."

ప్రతి వాయిదాకూ చిన్నప్ప కూర్చునే చోటు వైపు అంబరీష్ చూశాడు.

"ఆయప్ప ఏ ఆఫీసు మనిషి మేడం?"

"ఏ ఆఫీసూ కాదు. సాదలిలో పట్టుపురుగులు పెంచుతాండె. తోడు లేని పిల్లోళ్ళుంటే చెప్పండి, నేనొస్తా అని తానే వచ్చి అడిగినాడు."

చైత్ర గొంతు తగ్గించింది.

"ఆయప్ప కొడుకు మీద కూడా నీ వయసులో ఇట్లే కేసు ఉండె, పరువు పోతాదని ఈయప్ప ఒక్క వాయిదాకూ పోలేదంట, ఇల్లిడిచి పోయిన ఆ పిల్లోడు ఈ పొద్దుటికీ తిరిగి రాలేదు."