కదలకూడని పాఠం

"ఈయన పిల్లలకి విషజంతువుల గురించి చెబుతారు," అంది హెడ్మిస్ట్రెస్, ఒకటో తరగతి గది గుమ్మంలో నిలబడి, ఒక కొత్త మనిషిని లోపలికి పంపిస్తూ. తను మాత్రం లోపలికి అడుగైనా పెట్టలేదు. ఏదో దాస్తున్నట్టు మాట తడబడింది.

టీచర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ముందుగా ఒక్క మాటైనా చెప్పొద్దా? కుర్చీలోంచి లేవబోయింది.

"కూర్చోండి మేడమ్," అన్నాడతను. "పిల్లలూ, ఇవాళ బొమ్మలాట ఆడదాం. మీ టీచరూ బొమ్మే. కదిలినవాళ్ళు ఓడిపోయినట్టు. కాళ్ళు ముడుచుకుని బెంచీల మీద కూర్చోండి."

చేతిలో పుస్తకం లేదు, పటం లేదు. భుజాన వట్టి గుడ్డసంచి ఒకటి.

"అంకుల్, సంచీలో పాముందా?" ముందు బెంచీ వాగుడుకాయ అడిగింది.

"లేదమ్మా, ఖాళీ. పాముకి మన మీద పగేం ఉండదు. తొక్కితేనో, బెదిరితేనో కరుస్తుంది. నేల అదిరితే దానికి తెలిసిపోతుంది. మరి ఎలా నడవాలి?"

"పిల్లిలాగా," అన్నారు ఇద్దరు ముగ్గురు.

మాట్లాడేది పిల్లలతోనే అయినా అతని చూపు వాళ్ళ మీద లేదు. తిరిగి తిరిగి టీచర్ పాదాల దగ్గరే ఆగుతోంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమనిషి వాలకంతో తిరిగే ఇలాంటివాళ్ళను బస్సుల్లో ఎంతమందిని చూడలేదు.

"అయితే పిల్లుల్లా బయటికి వెళ్ళండి. తలుపు పక్కవాళ్ళు ముందు. ఒక్కొక్కరే. బ్యాగులు ఇక్కడే ఉండనీండి."

"ఇంటి బెల్లుకి ఇంకా చాలా టైముందండీ," అంది టీచర్.

"బొమ్మలు మాట్లాడవు మేడమ్."

పిల్లలు కిసుక్కున నవ్వారు. పసివాళ్ళ ముందు గొడవెందుకు, వాళ్ళు వెళ్ళాక కడిగిపారేద్దామనుకుంది టీచర్.

అందరూ వెళ్ళారు. చివరి పిల్లను రెక్క పట్టి బయటికి లాక్కుని, హెడ్మిస్ట్రెస్ తలుపు దగ్గరగా వేసింది. వేస్తూ టీచర్ కళ్ళలోకి చూడలేదు.

గదిలో ఇద్దరే మిగిలారు. అతను చప్పుడు చేయకుండా దగ్గరికొచ్చి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కళ్ళు ఇంకా ఆమె పాదాల మీదే.

"అసలెవరు నువ్వు? ఏం కావాలి నీకు?" అడిగింది టీచర్.

"ఇంకొక్క నిమిషం కదలకండమ్మా," అన్నాడతను గొంతు బాగా తగ్గించి, "అది మీ కుర్చీ కిందే చుట్టచుట్టుకుని ఉంది."