టైలరు పథ్యం

భార్య డాక్టరమ్మ దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి టైలరు స్కూలు యూనిఫాంల గుట్టలో పీకల్దాకా మునిగి ఉన్నాడు.

నిజానికి తనూ వెళ్ళాల్సింది. కానీ ఆడవాళ్ళ ఆసుపత్రి బల్ల మీద కూర్చోవడమంటే అతనికి ఎక్కడలేని సిగ్గు. యూనిఫాంల వంక పెట్టి ఆమెను ఒక్కదాన్నే పంపేశాడు. పెళ్ళయి ఆరేళ్ళు. ఆ చుట్టుపక్కల పుట్టిన ప్రతి పాపకూ మొదటి గౌను కుట్టిన చేతులవి. సొంత ఇంటికి మాత్రం పాపాయి ఇంకా రాలేదు. ఆ దిగులు పైకి చెప్పడం అతనికి చేతకాదు. సిగరెట్టు వెలిగిస్తాడు.

అసలు అతని సిగరెట్టుకు కారణమంటూ అక్కర్లేదు. సంతోషమొస్తే ఒకటి, దిగులొస్తే రెండు. ఏదీ రాకపోతే, వచ్చేలోగా ఇంకొకటి.

గుమ్మంలో నిలబడ్డ భార్య కళ్ళు తడిగా ఉన్నాయి. ఏదో చెప్పబోయింది. ఆ కళ్ళు చూడగానే అతని చెయ్యి జేబులోకి పోయింది. అగ్గిపుల్ల గీశాకే అడిగాడు.

"ఏమంది?"

ఆమె ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఆ పొగ వంక చాలాసేపు చూసింది.

"ముందు మన అలవాట్లు మారాలంది," అంది చివరికి. "మగవాళ్ళు మూడు నెలలు నిష్ఠగా పథ్యం చేస్తేగానీ ఫలితం కనబడదట."

ముందు పోయింది సిగరెట్టు. ఆ వెనకే బిగుతు ప్యాంట్లు పోయాయి. బిగుతు ప్యాంటు కుట్టడంలో తనంతవాడు లేడని చెప్పుకునే మనిషి, ఆ దుకాణానికి తనే నడిచే బోర్డు. అలాంటివాడు తన చేత్తోనే తనకు సంచుల్లాంటి ప్యాంట్లు కుట్టుకున్నాడు. పొద్దున్నే నడక, కంచం నిండా ఆకుకూరలు, పది కొట్టకుండానే పడక. మొదటివారం కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆ పరధ్యానంలో ఒక పెద్దమనిషి చొక్కాకు రెండు ఎడమ చేతులు అతికించి చీవాట్లు తిన్నాడు.

పక్కనే గుండీల కొట్టు నడిపే బావమరిదికి ఇదంతా చూసి జాలేసింది. ఒకరోజు దుకాణం పక్క సందులోకి పిలిచి, సిగరెట్టు పెట్టె తెరిచి తనొకటి తీసుకున్నాడు.

"ఒక్కటి లాగు బావా. అక్కకు చెప్పన్లే."

టైలరు పెట్టెను పక్కకు నెట్టాడు.

"వద్దురా. ఈ ఒక్కదాని వల్ల నా బిడ్డ రాకుండా ఆగిపోతే, అద్దంలో నా మొహం నేను చూసుకోలేను."

బావమరిది తన సిగరెట్టు కూడా తిరిగి పెట్టెలో పెట్టేశాడు. లోపల తెర వెనక చొక్కాలకు కాజాలు కుడుతున్న భార్య ఎందుకో చాలాసేపు ముక్కు చీదింది. జలుబు చేసిందేమో అనుకున్నాడు టైలరు.

ఆమె పథ్యం అతనికంటే ఓ ఆకు ఎక్కువే. కాఫీ పూర్తిగా మానేసింది. తొమ్మిదికల్లా గుర్రుపెట్టేది. మధ్యాహ్నం మరో కునుకు. ఒకనాడు తన చుడీదార్లు కూడా కాస్త వదులు చేయమంది, బిగుతు బట్టలు తనకూ పనికిరావట.

గుమ్మంలోకొచ్చిన మనిషిని చూసి నడుము కొలత చెప్పగల ఘనుడతను. టేపు ముట్టకుండానే పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన బట్టంతా వదిలాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వదులు చేయమంటే ఈసారి కొత్త ముక్క అతికించాడు. తను కొనితెచ్చిన బాదంపప్పులు ఒంటబడుతున్నాయని మురిసిపోయాడు.

"పథ్యం నాకంటే నీకే బాగా పట్టింది," అని ఆటపట్టించాడు కూడా.

ఆమె తల వంచుకుని, నవ్వు దాచుకుంటూ దారం తెంపింది.

మధ్యమధ్య ఆత్రం పట్టలేక, ఏమైనా విశేషమా అని అడిగేవాడు. అలా అడగొద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పిందనీ, అడిగితే ఒత్తిడనీ, ఒత్తిడి పెరిగితే అసలుకే మోసమనీ ఆమె అనేది. అతను నోటికి తాళం వేసుకుని మళ్ళీ కత్తెర పట్టేవాడు.

మూడు నెలలు గడిచాయి. ఈసారి ఇద్దర్నీ రమ్మన్నారంది భార్య. అతను మారుమాట్లాడకుండా సంచి ప్యాంటు తొడుక్కుని బయల్దేరాడు. ఆసుపత్రి బల్ల మీద కూర్చోగానే పాత అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయింది. బాదంపప్పులు తగిలాయి. రెండు నోట్లో వేసుకున్నాడు.

"ఇవాళ లేదంటే ఇంకో మూడు నెలలు చేస్తాను," అన్నాడు భార్య చెవిలో. "మూడేళ్ళయినా చేస్తాను. నువ్వు మాత్రం దిగులు పెట్టుకోకు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఫలితం ఏదైనా సరే, ఇక జన్మలో సిగరెట్టు ముట్టరుగా?"

"ముట్టను."

"నా మీద ఒట్టేయండి."

వేశాడు. ఈలోగా లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ భార్యను పడుకోబెట్టి, ఏదో పరికరం పొట్టకు ఆనించింది. టైలరు భయంతో కళ్ళు మూసుకున్నాడు. ఉన్నట్టుండి గదిలో ఎవరో హడావుడిగా కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు వినబడింది. ఆసుపత్రిలో మిషనెవరు పెట్టారా అని కళ్ళు తెరిచి అటూ ఇటూ చూశాడు.

డాక్టరమ్మ అతని వంక చూడకుండానే భార్యతో అంది, "మొదటిసారి వచ్చిన రోజున ఈ గుండె చప్పుడు నువ్వొక్కదానివే విని ఏడ్చేశావు, ఇవాళ వాళ్ళ నాన్నని కూడా కాసేపు ఏడవనీ."